మొద్దుకి పర్మిషన్ ఎవరిచ్చారు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి గంటకి 180 కిలోమీటర్ల గాలితో మన వైజాగ్‌కి గుండు కొట్టేసి పోయింది కదా, ఆ తర్వాత చెట్లు చేసిన క్రమశిక్షణారాహిత్యం మీద ఇప్పటిదాకా ఒక్క ఎంక్వైరీ కూడా వెయ్యకపోవడం నాకు చాలా బాధగా ఉందండి.

మా ఎంవీపీ కాలనీ ఇంటి ముందు వేపచెట్టు విరిగిపడితే కోసి పట్టుకుపోయారు, మోకాలెత్తు మొద్దు మిగిలింది. మేమింకా ఎగిరిపోయిన రేకులు వెతుక్కుంటూనే ఉన్నాం, ఇది బెరడు పగల్చుకుని ఎర్రెర్రగా, పసిపిల్ల గోళ్ళంత చిగుళ్ళు వేసేసింది! శంకుస్థాపన లేదు, ఫ్లెక్సీ లేదు, నష్టపరిహారం ఫారం కూడా నింపలేదు. వేళ్ళలో దాచుకున్న సొంత సరుకు తీసి వాడేసుకుంటోంది. మరి మధ్యలో మనమెందుకు?

అడవి సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దచెట్టు పడి నేలకి ఎండ తగిలిందా, మట్టిలో ఏళ్ళ తరబడి పడుకున్న విత్తనాలు లేచి కూర్చుంటాయి. ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆ నీడ చూసుకుని పెద్దజాతులు. పికిలిపిట్టలు ఎక్కడో పళ్ళు తినొచ్చి ఇక్కడ రెట్టేసి పోతాయి, దానికి టెండరూ లేదు బిల్లూ లేదు. లంటానా అనే కలుపు పొద మాత్రం మనిషి బుద్ధిది, ముందొచ్చి జాగా పట్టేసి ఇంకెవర్నీ రానివ్వదు, దాన్ని చూస్తే కాస్త మనవాళ్ళని చూసినట్టుంటుంది.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవంతా బూడిదైతే, ఏడాది తిరక్కుండా వెళ్ళినవాళ్ళకి కనపడింది ఒక్క సాలీడు. తినడానికి పురుగు లేదు, పక్కన మనిషి లేడు, గూడు మాత్రం అల్లేసుకుంటోందట. ప్లాన్ అప్రూవల్ ఏదీ?

అందుకే మనం రంగంలోకి దిగాం. కోనోకార్పస్ అనే పరదేశపు చెట్టు తెచ్చాం, ఏడాకుల పాల చెట్టు తెచ్చాం. ఈ ఏడాకుల పాల ఎంత విశ్వాసమంటే హుద్‌హుద్ తిథి దగ్గరపడేసరికి పూస్తుంది, ఇక సాయంత్రమైతే ఆ ఘాటుకి మా వీధిలో కిటికీలన్నీ టపటపా మూతపడతాయి.

మా మొద్దు కూడా దారికొచ్చిందండోయ్. ఓ పొద్దున ఎవరో వచ్చి ఆ చిగుళ్ళన్నీ నరికేసి, పక్కనే ఇనప గార్డు పెట్టి మొక్క నాటి, ఫొటో దిగి వెళ్ళారు. మొక్క వేసవికి ఎండిపోయింది. గార్డు మాత్రం ఉంది, దాన్లో వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగింది. మొద్దు మళ్ళీ చిగురేసింది, ఈసారి గోడవైపు, ఎవరికీ కనపడకుండా.