పదిహేడున్నర శాతం మేనల్లుడు

మా మేనల్లుడు పదిహేడున్నర శాతం. 17 కాదు, 18 కాదు, 17.5. మా అక్క ఫోన్ చేసి ఈ అంకె చెప్పగానే ఏదో రక్తపరీక్ష రిపోర్టు అనుకుని, ‘హిమోగ్లోబిన్ అయితే కంగారు లేదులే, కాస్త ఎక్కువే ఉంది’ అన్నాను. ‘హిమోగ్లోబిన్ కాదురా, ఛాన్స్!’ అంది. అమెరికాలో పేరుమోసిన యూనివర్సిటీలో వాడికి బీటెక్ లాంటి చదువుకి సీటు వచ్చే ఛాన్స్ అన్నమాట. మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగ్ ఐదో అంతస్తులో ఒక కౌన్సెలర్ గారు వాణ్ణి నలభై నిమిషాలు కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లో టకటకా ఏదో కొట్టి, కలర్ ప్రింటు తీసి, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి మరీ ఇచ్చాడట. లోపల ఒక గుండ్రటి మీటరు బొమ్మ, ఎరుపు, పసుపు, పచ్చ రంగులు, పసుపులోకి ఇంకా అడుగు పెట్టని ముల్లు, దాని కింద మా వాడి పేరు.

నన్ను నిద్రపోనివ్వనిది ఆ 17 కాదండీ, ఆ అర. 17 చెప్పగలిగినవాడికి ఆ అర ఎక్కడ దొరికింది? ఏడో తరగతిలో చదరంగంలో వచ్చిన కన్సొలేషన్ బహుమతా? కూరగాయల మార్కెట్లో కాటా కూడా అంత కచ్చితంగా తూగదు. ఉగాదినాడు గుళ్లో సిద్ధాంతిగారు ఆదాయం 2, వ్యయం 14 అని చదువుతారు గానీ ఏనాడూ ఆదాయం 2.5 అన్న పాపాన పోలేదు. పైగా ఆయన రాజపూజ్యంతో పాటు అవమానం ఎన్ని పాళ్లో కూడా ముందే చెప్తాడు. ఈ ఐదో అంతస్తు పంచాంగంలో అవమానం గడి లేదు. ఫీజు గడి మాత్రం ఉంది, నాలుగు లక్షలు, జీఎస్టీ అదనం.

మా బావ ఉద్యోగమంతా అకౌంట్స్‌లోనే గడిపినవాడు. అంకె కనబడితే ఊరుకోలేడు. రాత్రి భోజనాల దగ్గర కాగితం తీసి, ‘ఒక్కో యూనివర్సిటీకి 17.5 అంటే, ఆరింటికి అప్లై చేస్తే 105 శాతం. ఒక సీటు ఖాయం, ఐదు శాతం చిన్నదానికి మిగులుతుంది’ అని తేల్చాడు. చిన్నది ఎనిమిదో తరగతి. నేను నవ్వబోయి ఆగిపోయాను, ఎందుకంటే నవ్వింది నేనొక్కణ్ణే.

అసలు లెక్క చెప్తాను, ఇది ఫ్రీ. హార్వర్డ్‌లో ఈ మధ్య కొన్నేళ్లుగా అప్లై చేసిన నూరుమందిలో నలుగురికి అటూ ఇటూగా మాత్రమే సీటు వస్తోంది. అది అమెరికా పిల్లల్ని కూడా కలిపిన లెక్క. ఎంఐటీ అయితే విదేశీ పిల్లలకు ఇచ్చే సీట్లకు పరిమితి ఉందని తానే చెప్తుంది, వాళ్లలో నూటికి ఇద్దరికి వస్తే గొప్ప. ఆ ఇద్దరిలోనే గణితం ఒలింపియాడ్‌లో మెడల్ మెళ్లో వేసుకున్నవాడూ ఉంటాడు. మా వాడు మంచివాడే, అక్కడి కాలేజీలు చూసే సాట్ పరీక్షలో 1600కి 1480 తెచ్చుకున్నాడు, అమ్మ చెప్పకుండా స్నానం చేస్తాడు. కానీ నూటికి ఇద్దరు దూరే సందులో పదిహేడున్నర మంది ఎలా పట్టారో ఆ మీటరు ముల్లుకే తెలియాలి.

రెండో సిట్టింగ్‌కి పెద్దమనిషి తోడు కావాలని నన్ను కూడా తీసుకెళ్లారు. ఫిల్టర్ కాఫీ బాగుంది, అది ఒప్పుకోవాలి. కౌన్సెలర్ గారు మా వాడి వైపు చూడకుండా, వాడి ఫోల్డర్ వైపు చూస్తూ, ‘ప్రొఫైల్ ఫ్లాట్‌గా ఉంది సార్, స్పైక్ లేదు’ అన్నాడు. మా అక్క మొహం మాడిపోయింది, కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకోలేదని డాక్టరు కసిరినట్టు. స్పైక్ అంటే ఏమిటని అడిగాను. పిల్లాడిలో ఒకటే పొడుచుకొచ్చినట్టు కనబడాలట. అన్నిట్లో బాగుంటే పనికిరాడట. పదేళ్లపాటు ‘అన్ని సబ్జెక్టుల్లో మార్కులు రావాలి’ అని వాడి వీపు చీరింది ఇందుకా అని బావ ముఖంలో కనబడింది గానీ, పైకి అనలేదు.

‘సరే, ఎస్సే సంగతి చూద్దాం, అంటే పిల్లాడు తన గురించి తాను రాసుకునే వ్యాసం. 650 పదాలు. కష్టం ఏమైనా ఉందా సార్ ఇంట్లో?’

ఏమంటే ఏమో అని బావ, ‘హోమ్ లోన్ ఉందండీ’ అన్నాడు.

‘అది కాదు సార్. ఎవరైనా... దగ్గరివాళ్లు... పోవడం లాంటిది?’

మా బావ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, బతికి ఉన్నందుకు కాస్త సిగ్గుపడ్డట్టు సర్దుకున్నాడు. ఇది జోక్ అనుకుంటున్నారేమో. మన దేశం నుంచే వెళ్లిన ఒక కుర్రాడు పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో, నిక్షేపంలా ఉన్న తండ్రి పోయాడని దొంగ కాగితాలు పెట్టి పూర్తి స్కాలర్‌షిప్ కొట్టేశాడు. ఆ ఘనకార్యాన్ని పేరు లేకుండా ఆన్‌లైన్‌లో తానే రాసుకుని, 2024లో దొరికిపోయి, తిరుగు విమానం ఎక్కాడు. మా కౌన్సెలర్ గారు అంత దూరం పోలేదు, నీతిమంతుడు. ఆయన అడిగింది బామ్మల గురించి. ‘పల్లెటూళ్లో ఎవరైనా ఉన్నారా?’ అన్నాడు. తెనాలి దగ్గర ఊళ్లో మా అమ్మ ఉంది. ఏం చేస్తుంది? ఏం చేస్తుంది, ఏటా ఆవకాయ పెడుతుంది. ఆ మాటకి ఆయన కళ్లలో లైటు వెలిగింది. లాప్‌టాప్ తెరిచి మా ఎదురుగానే మీటరు ముల్లు జరిపాడు. పదిహేడున్నర కాస్తా పంతొమ్మిది.

అప్లికేషన్‌లో బడి బయట చేసే పనులకు పది గడులుంటాయి, ఒక్కోదానికి 150 అక్షరాలు, ఖాళీలతో సహా. ఆ 150 అక్షరాల్లోకి మా అమ్మ ఆవకాయ ఎలా ఎక్కిందంటే: గ్రామీణ మహిళల సంప్రదాయ ఆహార పరిరక్షణ సంస్థ, వ్యవస్థాపకుడు మా మేనల్లుడు. వాడు ఆవకాయ తినడు. నోరు మండుతుందని జామ్ రాసుకుంటాడు.

సంస్థ ఉందంటే ఫొటో ఉండాలి కదా. ఒక ఆదివారం కెమెరా కుర్రాడితో, ఆరడుగుల ఫ్లెక్సీతో తెనాలి వెళ్లాం. మా అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని కూర్చుంది. మనవడు అమెరికా వెళ్తున్నాడు, ఫొటో తీస్తారు అని మాత్రమే చెప్పాం. కుర్రాడు చూడగానే నీరసపడ్డాడు. ‘మామ్మగారూ, పాత చీర లేదాండీ?’ ఉంది, లోపలికి వెళ్లి మార్చుకొచ్చింది. ‘మామ్మగారూ, నవ్వకండి.’ సరే, మనవడి కోసం నవ్వడం మానేసింది. ‘వెనకాల ఆ ఫ్రిజ్ కనబడుతోంది, ఏదన్నా కప్పండి.’ దుప్పటి కప్పాం. ‘ఆ టీవీ కూడా.’ ఇంకో దుప్పటి. అప్పటికి ఇల్లు నిజంగానే ఎవరో పోయిన ఇంటిలా తయారైంది. అప్పుడు వాడు, ‘మామ్మగారూ, ఆ గాజులు ఒక్క ఐదు నిమిషాలు తీసేస్తారా, బంగారం మెరుస్తోంది’ అన్నాడు.

వాకిట్లో మా నాన్న పేపరు చదువుకుంటున్నాడు. అమ్మ ఆయన వైపు చూసింది, కెమెరా కుర్రాడి వైపు చూసింది. ‘మొగుడు ఎదురుగా కూర్చుని ఉంటే గాజులు తియ్యమంటావేంట్రా అప్రాచ్యుడా! మీ అమెరికా తగలెయ్య!’ అని లేచింది. నాన్న పేపరు దించకుండానే, ‘ఎవరే పోయింది?’ అని అడిగాడు.

మొత్తానికి చేతులు కొంగు కింద దాచుకుని ఒక ఫొటో దిగింది. మనమేదో దిగజారిపోయామని మరీ బాధపడకండి, అసలు గురువులు అక్కడే ఉన్నారు. 2019లో అమెరికాలో సింగర్ అనే కౌన్సెలర్ బండారం బయటపడింది. ముందు గుమ్మం, వెనక గుమ్మం కాకుండా ‘పక్క గుమ్మం’ ఒకటి పెట్టి, లక్షల డాలర్లు తీసుకుని, ఏనాడూ ఆట ఆడని పిల్లల్ని ఆటగాళ్ల కోటాలో పెద్ద పెద్ద యూనివర్సిటీల్లోకి తోసేశాడు. ఒక తండ్రి కొడుక్కి వాటర్ పోలో సామాన్లు కొని, ఫొటో తీసి, దాన్ని మార్పించి మరీ వాణ్ణి క్రీడాకారుణ్ణి చేశాడు. సింగర్‌కి మూడున్నరేళ్ల జైలు పడింది. అదీ అరే, గమనించారా. ఇక దొంగతనం అక్కర్లేని వెనక గుమ్మం సంగతి 2018లో బోస్టన్ కోర్టులో హార్వర్డ్ మీద జరిగిన విచారణలో బయటికొచ్చింది: పూర్వ విద్యార్థుల పిల్లలు, దాతలకు కావాల్సినవాళ్లు, డీన్‌గారి దగ్గర వాళ్లకో ప్రత్యేక జాబితా. మా నాన్న హార్వర్డ్‌కి ఒక బిల్డింగ్ కట్టించి ఉంటే అమ్మ గాజుల జోలికి ఎవడూ వచ్చేవాడు కాదు.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. రెండో సిట్టింగ్ నుంచి బయటికొస్తున్నప్పుడు జరిగింది ఒకటుంది, దానికి నాకు నవ్వు రాదు. రిసెప్షన్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఒక తండ్రీ కొడుకూ కూర్చున్నారు. నాగర్‌కర్నూల్ వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చారట. పిల్లాడు గురుకులంలో ఇంటర్, ఒళ్లో లెక్కల నోట్‌బుక్కు. తండ్రి అడుగుతున్నాడు, ‘అమెరికాల ఫీజు వాళ్లే కడ్తరట గద మేడమ్, గా స్కాలర్‌షిప్ గురించి జెర చెప్పుండ్రి’ అని. లోపల్నుంచి మా కౌన్సెలర్ గారే వచ్చి నిలబడే మాట్లాడాడు. బడ్జెట్ ఎంత అన్నాడు. తర్వాత, ‘ప్రొఫైల్ లేదు సార్. ఇక్కడే ఇంజనీరింగ్ చేయించి తర్వాత ఎమ్మెస్‌కి రండి, లోన్ మేం ఇప్పిస్తాం’ అన్నాడు. రెండు నిమిషాలు. మీటరు కూడా తీయలేదు.

ప్రొఫైల్ లేదా? ఐదు నిమిషాల క్రితం లోపల ఏసీ గదిలో కూర్చుని మా ఇంట్లో లేని కష్టాన్ని వెతికి వెతికి పుట్టించావే, అది బయట కుర్చీలో బస్సు టికెట్టు చేత్తో పట్టుకుని కూర్చుని ఉంటే కనబళ్లేదా? హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ చాలా ఏళ్ల నుంచీ, 2022లో డార్ట్‌మత్ కూడా, విదేశీ పిల్లలకైనా సరే సీటు ఇచ్చేటప్పుడు ఇంట్లో డబ్బుందా లేదా అని చూడం, ఇచ్చాక మీరు పెట్టుకోలేని ఖర్చంతా మేమే పెడతాం అని వాళ్ల వెబ్‌సైట్లలోనే రాసుకున్నారు. ఏడాదికి 80 వేల డాలర్లు దాటిన ఖర్చు. అప్లికేషన్ ఫీజు కట్టలేమంటే అది కూడా మాఫీ చేయించుకోవచ్చు. మిగతా చాలాచోట్ల ఎయిడ్, అంటే ఆర్థికసాయం, అడిగితే ఆ మేరకు ఛాన్స్ తగ్గుతుంది, నిజమే, కాబట్టి ఎక్కడ అడగొచ్చో తెలియడమే సగం పని. ఆ పిల్లాడికి సీటు వచ్చేసేదని నేననడం లేదు, వాడికీ నూటికి ఇద్దరే. కానీ ఆ ఐదారు పేర్లు ఒక కాగితమ్ముక్క మీద రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది? రాసివ్వవు. ఎందుకంటే అందులో నీకు కమిషన్ లేదు, నాలుగు లక్షలు లేవు, లోన్ లేదు. పదిహేడేళ్ల పిల్లాణ్ణి ముఖం మీదే లేదు పొమ్మన్నావు. వాడు నోట్‌బుక్కు సంచీలో పెట్టుకున్న తీరు నాకింకా కళ్లముందే ఉంది. నేనేం చేశాను? లిఫ్టు వచ్చింది, ఎక్కాను. పేర్లు నాకూ అప్పటికి తెలియవు, ఆ రాత్రి సిగ్గేసి వెతికితే దొరికాయి. వెతకడానికి పదిహేడున్నర నిమిషాలు కూడా పట్టలేదు.

సరే, మా వాడి సంగతి. వాడు అప్లై చేసే ముందే, 2025 మే నెలలో, హార్వర్డ్ అసలు విదేశీ పిల్లల్నే చేర్చుకోకూడదని అమెరికా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, కోర్టు ఆపింది. అదే నెలాఖర్లో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల కొత్త అపాయింట్‌మెంట్లు మూడు వారాలు నిలిచిపోయాయి, మళ్లీ మొదలైనప్పుడు సోషల్ మీడియా ఖాతాలన్నీ తెరిచిపెట్టమన్నారు. ఇవన్నీ మీటర్లో ఎక్కడున్నాయని అడిగితే, ‘అల్గారిథమ్ చూసుకుంటుంది సార్’ అన్నాడు. చిలుకూరు బాలాజీ దగ్గర మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, పనైతే 108. పదకొండున్నర తిరగమని ఆయన ఎప్పుడూ అడగలేదు, అడ్వాన్సు కూడా తీసుకోడు.

రిజల్ట్స్ మార్చి నెలాఖరున, అక్కడ సాయంత్రం ఏడింటికి, మనకి తెల్లవారుజామున నాలుగున్నరకి. అక్క దీపం పెట్టింది. ఆరు చోట్లా క్షమించండి అనే వచ్చింది, చాలా మర్యాదైన ఇంగ్లీషులో. పొద్దున పదింటికి బావ ఫోన్ చేసి గట్టిగానే అడిగాడు. ‘మేం ముందే చెప్పాం కదా సార్, 17.5 అని. మిగతా 82.5లో పడ్డారు’ అన్నాడాయన. బావ అకౌంట్స్ మనిషి కదా, ఫోన్ పెట్టేసి చాలాసేపు, ‘లెక్క అయితే సరిపోయింది’ అంటూనే ఉన్నాడు. మరి అమ్మ ఆవకాయతో పెరిగిన ఆ ఒకటిన్నర ఏమైందో ఎవరూ అడగలేదు. వారం తర్వాత అక్కడినుంచే ఇంకో ఫోన్, చిన్నమ్మాయికి ఇప్పట్నుంచే మొదలుపెడితే 31 దాకా లాగొచ్చని. బావ ఆలోచిస్తున్నాడు.

మా వాడు ఇక్కడే ఇంజనీరింగ్‌లో చేరబోతున్నాడు, బరువు పెరిగాడు. సంస్థ ఫ్లెక్సీని మా అమ్మ డాబా మీద తిరగేసి పరిచి వడియాలు పెట్టింది. నిన్న ఫోన్‌లో, ‘గుడ్డకంటే ఇదే నయంరా, అంటుకోవు. అలాంటిది ఇంకోటుంటే పంపించు, మిరపకాయలక్కావాలి’ అంది.