బాస్ పక్కన పెట్టిన పాటే నంబర్ వన్ అయింది

అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ గురించి ఎవరు రాసినా ఒకటే కథ. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన దాని వ్యవస్థాపకుడు బెర్రీ గోర్డీ పాటల్ని కూడా అసెంబ్లీ లైన్ పద్ధతిలో తయారు చేయించి, క్వాలిటీ కంట్రోల్ మీటింగ్‌లో పాసైనవే బయటికి వదిలేవాడని. నిజమే, కానీ మార్విన్ గే పాడిన ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్’ని ఫెయిల్ చేసింది కూడా ఆ పద్ధతే.

నార్మన్ విట్‌ఫీల్డ్, బారెట్ స్ట్రాంగ్ కట్టిన పాట ఇది. ప్రియురాలు తనని వదిలి పాత ప్రేమికుడి దగ్గరికి పోతోందని ఆమె చెప్పలేదు, ఆ నోటా ఈ నోటా తెలిసింది. అంతే విషయం. 1966లో మిరకిల్స్ బృందం పాడింది, 1967 మొదట్లో గే పాడాడు. గోర్డీ రెండూ వద్దన్నాడు. మొండివాడైన విట్‌ఫీల్డ్ స్పీడు పెంచి గ్లాడిస్ నైట్ బృందంతో పాడిస్తే అమెరికా పాప్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. ఇంకొకరైతే అక్కడితో సరిపెట్టుకునేవారు.

ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గే పాడింది వినండి. ముందు ఎలక్ట్రిక్ పియానో, ఏదో కీడు జరగబోతున్నట్టు. తర్వాత టాంబరిన్, వెనక నుంచి వయొలిన్లు. అసలు కిటుకు గొంతులో ఉంది: విట్‌ఫీల్డ్ కావాలనే గేకి అలవాటైన శ్రుతి కంటే పైన పాడించాడు, అందుకే పై స్వరాల దగ్గర గొంతు బొంగురుపోతూ, తెగిపోతుందేమో అన్నంత పని చేస్తుంది. గ్లాడిస్ నైట్ నిలదీస్తుంది. ఇతను భయపడుతున్నాడు. మాటలు దాదాపు అవే! సోల్ సంగీతంలో పాటంటే కాగితం మీది ట్యూన్ కాదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1968లో గే పాడినదాన్ని ఆల్బమ్‌లో ఓ పాటగా కలిపేశారు. రేడియో డీజేలు అదే పనిగా వేస్తుంటే, ఇక తప్పక అక్టోబర్‌లో సింగిల్‌గా తెచ్చారు. ఏడు వారాలు నంబర్ వన్, అప్పటికి మోటౌన్‌కి అతి పెద్ద హిట్. ఆ తర్వాత క్రీడెన్స్ అనే రాక్ బృందం వాళ్లు 11 నిమిషాలు సాగదీశారు (నాకైతే సగానికే ఓపిక అయిపోతుంది). 1985లో బ్రిటన్‌లో ఓ జీన్స్ యాడ్‌లో ఈ పాట వినిపించాక, మరుసటి ఏడాది గే రికార్డు అక్కడ మళ్లీ చార్టుకెక్కింది.

గోర్డీకి చెవి లేదనను. సుప్రీమ్స్ గాయనీ బృందాన్ని నిలబెట్టిన మనిషి. కాకపోతే ఆయన కొలబద్ద హుషారు పాటలకి సరిపోయేది, ఈ దిగులుకి కాదు. తర్వాత గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ పట్టుకొచ్చినప్పుడూ ఆయనకి నచ్చలేదు. 1971లో విడుదలై అదీ రెండో స్థానానికి చేరింది.