ఆ దీర్ఘం నాది

నా పేరు ఆంజనేయులు. మా ఊరి బడిలో ఒకే తరగతిలో ముగ్గురం ఉండేవాళ్ళం. ఇంటిపేరు కలిపి పిలిస్తే తప్ప ఎవరు పలకాలో తెలిసేది కాదు. ఇప్పుడు పుణేలో ఉద్యోగం. ఇక్కడ నేను ‘అంజనేలు’ని, ‘అంజన్’ని. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం కనబడదు, సరే. కానీ అంజన కొడుకు కాబట్టే ఆంజనేయుడు! దీర్ఘం తీసేస్తే ఆ తల్లీకొడుకుల బంధమే తెగిపోతుంది. చివరి ‘లు’ ఏమో గౌరవ బహువచనం, రాములు, వెంకటేశ్వర్లు అన్నట్టు. దాన్ని కోసిపారేసి, పేరు మరీ పొడుగని నాకే చెబుతారు. రెండుసార్లు వింటే నోరు తిరగని పేరా ఇది? మొన్న ఒక తెలుగాయనే ఫోనులో ‘అంజీ గారూ’ అన్నాడు. అప్పుడు మాత్రం నిజంగా మనసు చివుక్కుమంది. ఆంజనేయులు అన్నది మా తాతగారి పేరు. పూర్తిగా పలకండి.