కణంలో పేరుకునే వృద్ధాప్యం

ఇన్ని గంటలు ఉపవాసం ఉంటే వయసు వెనక్కి మళ్లుతుందని, ఆ సంగతి కనిపెట్టినందుకే నోబెల్ ఇచ్చారని చెప్పే సందేశాలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఇది నిజం కాదు. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది ఈస్టు మీద చేసిన పరిశోధనకు. కణం తన చెత్తను తానే అరిగించుకునే ‘ఆటోఫజీ’ గుట్టును ఆయన ఆ ఈస్టులోనే పట్టుకున్నారు.

1988లో ఆయన, అరిగించే ఎంజైములు లోపించిన ఈస్టును, ఆటోఫజీ జోరందుకునేలా ఆకలితో మాడ్చి సూక్ష్మదర్శినిలో చూశారు. కొన్ని గంటల్లోనే కణంలో చెత్త అరిగే సంచి అయిన రిక్తిక నిండా చిన్న చిన్న తిత్తులు చేరి గజిబిజిగా కదలసాగాయి. చెత్త మూటలు వచ్చి పడుతున్నాయి, కరిగించే దిక్కు లేదు. మామూలు ఈస్టులో అవి వచ్చినవి వచ్చినట్టే కరిగిపోతాయి కనుక కంటికి చిక్కవు.

మన కణాల్లోనూ ప్రొటీన్లు నిత్యం తయారవుతూ, పాడవుతూ ఉంటాయి. పాడైనదానికి యుబిక్విటిన్ అనే చీటీ అంటించి, ప్రొటీన్లను కోసే యంత్రం లాంటి ప్రొటియసోమ్‌లో ముక్కలు చేయడం ఒక దారి. ముద్దకట్టిన వాటిని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో చివికిన వాటిని తిత్తిలో చుట్టి, అరిగించే సంచి అయిన లైసోసోమ్‌కు చేర్చే ఆటోఫజీ రెండోది. వయసు మీదపడే కొద్దీ చాలా కణజాలాల్లో ఈ రెండూ మందగిస్తాయి. విభజన చెందే కణం తన మడ్డిని పిల్లకణాలకు పంచి పలచన చేసుకుంటుంది. పుట్టినది మొదలు చివరిదాకా ఉండాల్సిన నాడీకణానికి ఆ వీలెక్కడిది? వృద్ధుల మెదడులో, గుండె కండరంలో లిపోఫసిన్ అనే గోధుమరంగు మడ్డి పేరుకునేది అందుకే. అల్జీమర్స్, పార్కిన్సన్స్ రోగుల మెదడులోనూ కనిపించేవి ప్రొటీన్ ముద్దలే. దీర్ఘాయుష్షు గల ఒక రకం నులిపురుగుల్లో ఆటోఫజీని అడ్డుకుంటే ఆ అదనపు ఆయుష్షు దక్కలేదని 2003లోనే తేలింది.

అలాగని ఈ శుద్ధి ఎంత పెరిగితే అంత మేలనుకోవడం పొరపాటు. ముదిరిన క్యాన్సర్ కణాలు ఎన్నో ఇదే ఆటోఫజీ ఆసరాతో బతుకుతాయి. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్ అనే మందు పనిచేసేది ప్రొటియసోమ్‌ను ఆపడం ద్వారానే. పైగా, ఎన్ని గంటల పస్తుతో మనిషి మెదడులోనో గుండెలోనో ఎంత శుద్ధి జరిగిందో చెప్పగల రక్తపరీక్ష ఏదీ నేడు వైద్యుల చేతిలో లేదు. లేని కొలతను ఉన్నట్టు చూపి గంటల లెక్కలు చెప్పేవారిని మేము గట్టిగా తప్పుపడుతున్నాం.

ఇన్సులిన్ వాడే పెద్దవారు ఆ లెక్కలు నమ్మి భోజనం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఈ మాటను ఆరోగ్య శాఖలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గోడ మీద రాయించాలి. ఉపవాసం తలపెట్టే ముందు వైద్యుణ్ని అడగమని పిల్లలు తమ తల్లిదండ్రులకు ఈ రోజే చెప్పాలి.