బెంచీ మీద కూర్చున్నవాళ్ల కోచ్

దక్షిణాఫ్రికా రగ్బీ కోచ్ రాసీ ఎరాస్మస్ పేరెత్తగానే రగ్బీ చూసేవాళ్లకు ఆయన జిత్తులే గుర్తొస్తాయి. స్టేడియం కప్పు మీద కూర్చుని రంగురంగుల లైట్లతో ఆటగాళ్లకు సైగలు చేయడం, నీళ్ల సీసాలు పట్టుకుని తనే మైదానంలోకి దిగడం. నాకు మాత్రం ఆయన గొప్పతనమంతా బెంచీ మీదే కనిపిస్తుంది.

క్రికెట్‌లో పన్నెండో ఆటగాడంటే మనకు డ్రింక్స్ మోసేవాడే. రగ్బీ యూనియన్‌లో అలా కాదు. పదిహేను మంది ఆడతారు, వాళ్ల బదులు దిగడానికి ఎనిమిది మంది బయట ఉంటారు, ఆట 80 నిమిషాలు. బంతి కోసం రెండు జట్లూ తలలు వంచి తోసుకునే స్క్రమ్‌లో భుజం భుజం కలిపి తోసే ఫార్వర్డ్‌లు సగం ఆట దాటేసరికే డస్సిపోతారు. వాళ్ల వెనకాల పరుగెత్తి ఆడేవాళ్లు బ్యాక్‌లు. అందుకే చాలా జట్లు ఆ ఎనిమిదిలో ఐదుగురు ఫార్వర్డ్‌లను పెట్టుకుంటాయి. ఎరాస్మస్ 2019 ప్రపంచ కప్‌లో ఆరుగురిని పెట్టారు. వాళ్లకు 'బాంబ్ స్క్వాడ్' అని పేరొచ్చింది. ప్రపంచంలోని మేటి హుకర్లలో (స్క్రమ్ ముందు వరుస మధ్యలో నిలిచే ఫార్వర్డ్) ఒకడైన మాల్కమ్ మార్క్స్ ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. అలాంటివాడిని బయట కూర్చోబెట్టి, అది అవమానం కాదు, నీ వంతు అప్పుడే మొదలవుతుంది అని నమ్మించడం సామాన్యమైన పని కాదు. ఫైనల్లో ఇంగ్లండ్ మీద 32-12తో గెలిచారు.

ఆటగాడిగా ఎరాస్మస్ ఫ్లాంకర్, అంటే స్క్రమ్‌లో పక్కన ఉండే ఫార్వర్డ్. 1997 నుంచి 2001 దాకా దక్షిణాఫ్రికాకు 36 టెస్టులు ఆడారు. ఆడటం మానగానే ఫ్రీ స్టేట్ చీటాస్‌కు కోచ్ అయ్యి, 2005లో దక్షిణాఫ్రికా దేశవాళీ టోర్నీ కరీ కప్ గెలిపించారు. 29 ఏళ్ల తర్వాత వాళ్లకు దక్కిన కప్పు అది. 2017లో న్యూజీలాండ్ చేతిలో 57-0తో చిత్తయిన జాతీయ జట్టును 2018లో అందుకుని, సియా కొలిసిని కెప్టెన్‌ను చేశారు. స్ప్రింగ్‌బాక్స్ అని పిలిచే ఆ జాతీయ టెస్టు జట్టుకు తొలి నల్లజాతి కెప్టెన్ అతనే. 2019 గెలుపు తర్వాత ఎరాస్మస్ అన్నమాట నాకిప్పటికీ మనసులో మెదులుతుంది: ఉద్యోగం లేకపోవడం, అయినవాళ్లు హత్యకు గురికావడం, అదీ టెన్షన్ అంటే, రగ్బీ ఇవ్వాల్సింది ఆశ.

అంత మనసున్న మనిషి 2021లో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు లయన్స్‌తో సిరీస్ తొలి టెస్టు ఓడాక రిఫరీ తప్పులు ఏరుతూ గంటకు పైగా వీడియో చేశారు. అది బయటకొచ్చింది. ఆయనపై రెండు నెలల నిషేధం పడింది, మ్యాచ్ రోజు విధులకైతే 2022 సెప్టెంబరు చివరిదాకా దూరం పెట్టారు. నా ఉద్దేశంలో ఆ శిక్ష సబబే. బెంచీ మీది ఆటగాడికి ఇచ్చిన గౌరవం విజిల్ పట్టుకున్న మనిషికీ ఇవ్వాల్సింది.

2023 ప్రపంచ కప్ ఫైనల్లో న్యూజీలాండ్ మీద ఆడేటప్పుడు బెంచీ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లు, ఒకే ఒక్క బ్యాక్. అప్పటికి హెడ్ కోచ్ జాక్ నీనాబర్, ఎరాస్మస్ డైరెక్టర్. అలసిపోయిన ప్రత్యర్థుల మీదికి తాజా బలగాన్ని వదలడం ప్రమాదమని కొందరు మాజీ కోచ్‌లు తప్పుపట్టారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఇందులో తెగించింది వాళ్లే. ఆ ఒక్క బ్యాక్ దిగాక ఇంకో బ్యాక్‌కు దెబ్బ తగిలితే దిక్కెవరు?

దెబ్బ నిజంగానే తగిలింది, హుకర్‌కు. మార్క్స్ గాయంతో అప్పటికే ఇంటికెళ్లిపోయాడు. మొదటి నిమిషాల్లోనే బోంగీ ఎంబొనాంబి కుంటుతూ బయటికొచ్చాడు. దిగింది డియాన్ ఫూరీ, 37 ఏళ్లవాడు. 35 దాటాక తొలి టెస్టు ఆడిన ఇతను ఎక్కువగా ఆడేది ఫ్లాంకర్‌గా. కాస్సేపట్లో దిగుదాంలే అని కూర్చున్న మనిషి దాదాపు ఆటంతా ఆడాల్సొచ్చింది. బంతి గీత దాటాక హుకర్ దాన్ని లోపలికి విసిరే లైనౌట్‌లు తడబడ్డాయి, అయినా స్క్రమ్‌లో తల వంచి నిలబడ్డాడు. మార్క్స్ స్థానంలో జట్టులోకొచ్చిన హాండ్రే పొలార్డ్ పన్నెండు పాయింట్లూ తనే కొట్టాడు. న్యూజీలాండ్ పదకొండు దగ్గర ఆగింది.