తాడ్వాయి అడవి ఊటీ కాదు: వేసవి సందేశానికి జవాబు

వేసవి సెలవులు దగ్గర పడగానే మన ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. పచ్చటి లోయ ఫోటో, దాని కింద ఈ మాటలు: “ఊటీ దాకా ఎందుకు? వరంగల్ పక్కనే తెలంగాణ ఊటీ ఉంది. ఏటూరునాగారం, తాడ్వాయి కొండల్లో ఏడాది పొడవునా చల్లదనమే. మే నెలలోనూ 28 డిగ్రీలు దాటదు. పన్నెండు నెలలూ పచ్చటి అడవి, దూకే బొగత జలపాతం. చలికాలంలో మంచు కురుస్తుంది. ఎప్పుడైనా వెళ్లవచ్చు.”

ఈ అడవి అంటే నాకు ప్రాణం. అందుకే ఈ అబద్ధాన్ని చూస్తూ ఊరుకోలేను. దీన్ని నమ్మి పసిపిల్లలను మే ఎండలో తిప్పేవారున్నారు, జులై వానల్లో వాగుల మధ్యకు వెళ్లేవారున్నారు.

ముందు “కొండల చల్లదనం” సంగతి చూద్దాం. ఎత్తు పెరిగే కొద్దీ గాలి చల్లబడుతుంది, నిజమే. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ మే నెలలోనూ స్వెట్టర్ కావాలి. మరి మన దగ్గర? వరంగల్ సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా సాగే దారి మధ్యలో గుట్టలెక్కి దిగినా, చివరికి చేరేది గోదావరి ఒడ్డుకే. ఏటూరునాగారం ఎత్తు వంద మీటర్లకు అటూ ఇటూ. అంటే వరంగల్ నుంచి బయలుదేరినవారు ఎత్తుకు కాదు, పల్లానికి వెళ్తున్నారు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దున, రాష్ట్రంలోకెల్లా ఎత్తైనదిగా చెప్పే డోలిగుట్ట కూడా 965 మీటర్లే. సందేశం చదివి వెళ్లేవారెవరూ ఆ శిఖరం మీద బస చేయరు.

కాబట్టి “28 డిగ్రీలు” అన్న మాట మేలో తెల్లవారుజామున తప్ప చెల్లదు. రామగుండం, కొత్తగూడెం, భద్రాచలం ఎండల గురించి ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏటూరునాగారం ఉన్నదీ ఆ గోదావరి పరీవాహకంలోనే. మే నెలలో పగటి వేడి 40 దాటడం ఇక్కడ మామూలు. 2015 మేలో వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీశాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత అడవికి మినహాయింపు ఇవ్వలేదు. ఒక్క మాట ఒప్పుకోవాలి: చుట్టూ కాంక్రీటు లేదు కాబట్టి రాత్రి పొద్దుపోయాక తాడ్వాయి హనుమకొండ కంటే త్వరగా చల్లబడుతుంది. ఆ హాయి నిజం. కానీ అది మర్నాటి మధ్యాహ్నానికి రక్షణ కాదు.

“పన్నెండు నెలలూ పచ్చటి అడవి” అన్నవారు ఏప్రిల్‌లో ఇక్కడ అడుగుపెట్టి ఉండరు. ఇది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది లాంటి చెట్లు నీటిని కాపాడుకోవడానికి ఆకులు వదిలేస్తాయి. మార్చి దాటేసరికి టేకు చెట్ల కింద చాటంత ఎండుటాకులు మడమలు మునిగేలా పరుచుకుని ఉంటాయి, అడుగు వేస్తే ఫెళఫెళమంటాయి. తలెత్తితే కొమ్మల మధ్య నుంచి ఎండ నేరుగా ముఖాన పడుతుంది. సరిగ్గా నీడ కావాల్సిన రోజుల్లో ఈ అడవి నీడ ఇవ్వదు. ఆ కాలాన్ని ఎలా గడపాలో అక్కడివారికి తెలుసు. ఇప్పపువ్వు ఏరేవారు చీకటితోనే చెట్టు కిందికి చేరతారు. తునికాకు కోసేవారు ఎండ ముదరకముందే మోపు కట్టుకుని ఇంటిదారి పడతారు. మనం మాత్రం సందేశాన్ని నమ్మి పన్నెండు గంటలకు కారు దిగుతాం!

బొగత సంగతీ అంతే. వాన పడితే వాగు, వాగు ఉంటే జలపాతం. జులై నుంచి నిండుగా దూకుతుంది, చలికాలానికి సన్నబడుతుంది, నడివేసవిలో రాళ్లు తేలతాయి. ఇంకా స్పష్టమైన రుజువు మేడారంలో ఉంది. ఫిబ్రవరి జాతరకు వచ్చే భక్తుల స్నానాల కోసం జంపన్న వాగులోకి లక్నవరం చెరువు నీళ్లు వదులుతారు. వేసవి ఇంకా మొదలవకముందే వాగుల పరిస్థితి అది.

మంచు కురవదు. దట్టమైన పొగమంచు పడుతుంది, అంతే. డిసెంబరు, జనవరిలో ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పగలు నేల తాగిన వేడి రాత్రికి పైకి పోతుంది, బరువెక్కిన చల్లగాలి పల్లాల్లో చేరి నిలుస్తుంది. ఆదిలాబాద్ వైపు సిర్పూర్ (యు)లో చలికాలపు రాత్రులు పది డిగ్రీల కంటే కిందికి పడిపోయేదీ ఇలాగే. డిసెంబరులో వచ్చి వణికినవారు ఆ చలిని కొండ ఎత్తుకు అంటగడుతున్నారు. అది రుతువు ఇచ్చిన చలి. శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట చివరిది: “ఎప్పుడైనా వెళ్లవచ్చు.” 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన కురిసింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు కూడా ఈ జిల్లాదే, 2013 జులైలో వాజేడులో 51.75 సెంటీమీటర్లు. చెరువు నీళ్లు వదిలితే తప్ప స్నానానికి చాలని ఆ జంపన్న వాగే 2023లో ఆ జులై 27న కొండాయి ఊరి మీద పడి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. అంతకు ఒక్కరోజు ముందు ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకున్నారు. విపత్తు సహాయక దళాలు రాత్రంతా శ్రమించి వారిని బయటికి తెచ్చాయి. వెళ్లేటప్పుడు మోకాలి లోతున దాటిన వాగు వచ్చేటప్పుడు అలాగే ఉండదు. పైన గుట్టల్లో పడిన వాన మనకు కనిపించకముందే కిందికి దిగుతుంది. గాలి సంగతీ తక్కువ కాదు. 2024 ఆగస్టు 31న వచ్చిన సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వందల ఎకరాల్లో వేలాది చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి.

వెళ్లాలనుకుంటే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు వెళ్లండి. పగలు తిరగవచ్చు, రాత్రి చలిమంట కాచుకోవాలనిపిస్తుంది, చెట్ల మీద ఆకు ఇంకా ఉంటుంది. బొగతను నిండుగా చూడాలంటే వానలు తెరిపిచ్చిన ఆగస్టు, సెప్టెంబరు రోజులు మంచివి. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు ఇస్తే మాత్రం ప్రయాణం మానుకోండి. అక్కడి అటవీ సిబ్బంది వద్దన్నచోట నీళ్లలో దిగకండి. మేలోనే వెళ్లక తప్పదంటే ముసలివారిని, పసిపిల్లలను ఇంట్లో ఉంచి వెళ్లండి, తాగునీళ్లు దండిగా పెట్టుకోండి, పొద్దున పదికల్లా గదికి చేరుకోండి. ఆ ఎండుటాకుల మధ్య వంటకు పొయ్యి మాత్రం వెలిగించకండి.