సిక్ ముడి

ఆదివారం పొద్దున్నే ఓ పాత పాట పాడి, ఫోన్లో రికార్డు చేసి మేనల్లుడికి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు: ‘సిక్, మావయ్యా!’ పక్కన ఓ నిప్పు బొమ్మ.

ఆ నిప్పు చూసి, జ్వరం గట్టిగానే ఉందనుకున్నాను. వెంటనే అక్కకి ఫోన్.

“అక్కా, వాడికి ఒంట్లో బాగాలేదట. నీకు చెప్పలేదా?”

అక్క ఫోన్ పెట్టెయ్యకుండానే పరిగెత్తింది. తలుపు ధడేల్మన్న చప్పుడు, “నోరు తెరువు ముందు” అన్న కేక, నోట్లో థర్మామీటరుతో వాడి గొణుగుడు, అన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి. 98.4.

వాడే ఫోన్ లాక్కున్నాడు. “మావయ్యా, సిక్ అంటే అదిరిపోయిందని!”

“జబ్బుకీ అదరడానికీ ఏం సంబంధంరా?”

“మొన్న నా డాన్సు చూసి ఇరగదీశావురా అన్నావు. నేనేమన్నా కట్టు కట్టించుకున్నానా?”

నోరు మూసుకుని డిక్షనరీ తెరిచాను. మెచ్చుకోలుకి ఈ మాట వాడటం 1980ల్లోనే మొదలైందట. అంటే నా కుర్రతనం నాటిదే, నాకే కబురు అందలేదు. మిగతా అర్థాలు ఇంకా చిత్రం. బ్రిటన్‌లో ‘ఐ వాజ్ సిక్’ అంటే వాంతి చేసుకున్నానని. ‘సిక్ ఆఫ్ యూ’ అంటే నీతో విసిగిపోయానని. హోమ్‌సిక్ ఇల్లు దూరమైనందుకు, సీసిక్ సముద్రం మరీ దగ్గరైనందుకు. లవ్‌సిక్ రెండు రకాలుగానూ వస్తుంది.

ఇంత చదివాక వాడకుండా ఉండగలనా? సోమవారం మీటింగ్‌లో మా సారు గంటసేపు స్లైడ్లు చూపించి చెమట తుడుచుకుంటుంటే, ముందు వరసలోంచి లేచి గట్టిగా అన్నాను: “సిక్, సర్!”

హాలంతా నిశ్శబ్దం. ఆయన నా మొహంలోకి జాలిగా చూసి, “అయ్యో, ముందే చెప్పొచ్చుగా. ఇంటికెళ్ళి పడుకోండి” అన్నారు. పక్కనున్న ఇద్దరు నా రెండు రెక్కలూ పట్టుకుని లిఫ్ట్ దాకా నడిపించారు. వద్దంటే వినరే!

సాయంత్రం మెయిల్ వచ్చింది. నా లెక్కలో ఒక సిక్ లీవు తగ్గింది.